ఘానా అడవుల వెంట: అక్రా గబ్బిలాల నుంచి వెచియావు నీటిగుర్రాల దాకా

సోమవారం, అక్రా

ఘానా రాజధాని అక్రాలో, విమానాశ్రయానికి దగ్గరగా, 37 మిలిటరీ హాస్పిటల్ అనే పెద్ద సైనిక ఆసుపత్రి ఉంది. దాని చుట్టుపక్కల చెట్ల కొమ్మలకు పగలంతా గబ్బిలాలు గుత్తులు గుత్తులుగా వేలాడుతూ ఉంటాయి. ఎండుగడ్డి రంగు మెడ, రెక్కలు చాచితే ముప్పావు మీటరు వెడల్పు ఉండే ఈ పండ్లు తినే గబ్బిలాలు వానలు లేని నెలల్లో లక్షల సంఖ్యలో ఇక్కడికి చేరతాయి. ఇది ఫిబ్రవరి కనుక సరైన సమయానికే వచ్చాను. సాయంత్రం ఆరు దాటగానే అవి ఒకదాని వెనుక ఒకటిగా లేచి, చూస్తుండగానే ఆకాశమంతా కమ్ముకొని, నగరం వెలుపలి తోటలకూ అడవులకూ సాగిపోయాయి. కింద ట్రాఫిక్‌లో ఆగి ఉన్నవారిలో తలెత్తి చూసినవారు చాలా తక్కువ.

ఒక పల్లెపెద్ద చికిత్స కోసం ఈ ఆసుపత్రికి వచ్చినప్పుడు గబ్బిలాలు ఆయన వెంట వచ్చాయనీ, ఆయన ఇక్కడే కన్నుమూయడంతో ఆయన కోసం నేటికీ కనిపెట్టుకొని ఉన్నాయనీ ఊళ్ళో ఒక కథ ప్రచారంలో ఉంది. అక్రాలో చాలా ఏళ్ళుగా ఉంటున్న మా బావగారు ఈ కథ చెప్పి, "వీటిని చూసి విసుక్కునేవాళ్ళే ఎక్కువండీ, ఇవి చేసే పని తెలిసినవాళ్ళు తక్కువ" అన్నారు. ఆ పని చిన్నది కాదు. ఘానా కలపలో ఎంతో విలువైన ఓడుమ్ చెట్టు పండ్లను ఇవి తిని, విత్తనాలను రాత్రికి రాత్రి ఎంతో దూరం మోసుకెళ్ళి జారవిడుస్తాయి. నరికేసిన చోట మళ్ళీ ఓడుమ్ మొలక కనిపించిందంటే, అక్కడ విత్తు వేసింది చాలాసార్లు గబ్బిలమే. అయినా ఘానా దక్షిణ ప్రాంతంలో ఏటా లక్షకు పైగా గబ్బిలాలు మాంసం కోసం అమ్ముడవుతున్నాయని 2011లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఈ దేశంలో నేను చూడాలనుకున్నది కేవలం జంతువుల పట్టిక కాదు. ఏ చెట్టు ఏ జంతువు మీద ఆధారపడి బతుకుతున్నదో, ఆ రెండింటినీ ఏ మనుషులు కాపాడుతున్నారో తెలుసుకోవాలని వచ్చాను.

మంగళవారం, కేప్‌కోస్ట్ దారిలో

సముద్రం వెంబడి పడమరగా ప్రయాణించాము. రోడ్డుకు ఎడమ పక్క కొబ్బరి, కుడి పక్క ఆయిల్‌పామ్. కొబ్బరి బయటి నుంచి వచ్చినదే గాని, ఆయిల్‌పామ్‌కు పశ్చిమ ఆఫ్రికాయే పుట్టినిల్లు. ఏలూరు జిల్లాలో కొలతలు వేసి వరుసలు తీర్చి నాటిన తోటలనే చూసిన కళ్ళకు, ఇక్కడ అది ఎవరూ నాటకుండానే పొలం గట్ల మీదా ఇళ్ళ వెనుకా అడవి అంచుల్లోనూ పెరిగి ఉండడం కొత్తగా తోచింది. ఒకే చెట్టు పండు నుంచి ఎర్రని నూనె, గింజ నుంచి వేరే నూనె, కాండం నుంచి కల్లు, ఈనెల నుంచి చీపుర్లు వస్తాయి. ఇక్కడి గీత పద్ధతి మాత్రం మనసుకు కష్టం కలిగించింది. మన గీత కార్మికులు తాడి చెట్టు ఎక్కి గెల చెక్కుతారు, చెట్టు బతికే ఉంటుంది. ఇక్కడ చాలాచోట్ల చెట్టునే పడగొట్టి, పడిన మాను నుంచి కొన్ని వారాల పాటు కల్లు తీస్తారు.

ఆయిల్‌పామ్ పూలలో పుప్పొడిని మోసేది చిన్న ముక్కుపురుగు. అదీ ఈ ప్రాంతానిదే. చెట్టును మాత్రమే తీసుకుపోయిన ఆసియా దేశాలు చాలాకాలం కూలీల చేత చేతితో పరాగసంపర్కం చేయించుకున్నాయి. ఆ పురుగును 1981లో మలేసియాకూ, 1985లో మన దేశానికీ తెచ్చి వదిలిన తరువాతనే గెలలు నిండుగా రావడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నేడు ఆయిల్‌పామ్ వేసిన ప్రతి రైతుకూ ఈ పురుగు తెలియకుండానే చాకిరీ చేస్తోంది.

బుధవారం, కాకుమ్

కేప్‌కోస్ట్‌కు ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో కాకుమ్ జాతీయ ఉద్యానం ఉంది. దాదాపు 375 చదరపు కిలోమీటర్ల ఈ వర్షారణ్యాన్ని 1931లో రిజర్వు అడవిగానూ, 1992లో జాతీయ ఉద్యానంగానూ ప్రకటించారు. చెట్ల పందిరి మీదుగా తాళ్ళు, అల్యూమినియం నిచ్చెనలు, చెక్క పలకలతో కట్టిన వేలాడే బాట 1995 నుంచి ఇక్కడ ఉంది. ఏడు వంతెనలు, అన్నీ కలిపి సుమారు 350 మీటర్ల పొడవు. కొన్నిచోట్ల నేలకు 40 మీటర్ల ఎత్తున నడుస్తాము. సందర్శకుల సందడి మొదలయ్యాక ఇక్కడ జంతువులు కనిపించవని ముందే తెలుసుకొని, అనుమతి తీసుకొని, వెలుగు రాకముందే మార్గదర్శితో కలిసి ఎక్కాను.

కింది నుంచి చూస్తే అడవి అంటే బోదెలు, వేళ్ళు, చీకటి. పై నుంచి చూస్తే అది వేరే దేశం. మన ఊళ్ళలో దూది కోసం పెంచే తెల్లబూరుగు ఇక్కడ మిగతా అడవిని కిందికి వదిలేసి 60 మీటర్ల ఎత్తుకు పోయి, తన కొమ్మల మీద ఫెర్న్‌లకూ ఆర్కిడ్‌లకూ చోటిస్తుంది. దాని మొదట్లోని పలకల వంటి ఊడగోడలు మనిషి ఎత్తును మించి ఉంటాయి. మంచు తొలగుతుండగా హార్న్‌బిల్ పక్షుల జంట రెక్కల చప్పుడు పక్షుల కంటే ముందు వినిపించింది. తరువాత ఒక మోనా కోతుల గుంపు కొమ్మలు ఊపుకుంటూ దాటిపోయింది. ఇక్కడి సీతాకోకచిలుకలలోనే వందల జాతులు ఉన్నాయి.

అడవి ఏనుగు కనిపించలేదు, కనిపిస్తుందని ఆశించనూలేదు. అది ఇక్కడ నివసిస్తుందనడానికి నేల మీది బాట మీద పేడ, చెట్ల బెరడు మీద రాపిడి గుర్తులు ఉన్నాయి. మైదానపు ఏనుగు కంటే చిన్నది, గుండ్రని చెవులూ నేలకు దిగినట్టుండే నిటారు దంతాలూ ఉన్న ఈ ఏనుగును 2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య వేరే జాతిగా లెక్కించి, అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్నదిగా ప్రకటించింది. మకోరే అనే మహావృక్షం పండు పెద్దది, దాని విత్తనం అంతకంటే మొండిది. ఆ పండును మింగి దూరంగా పేడలో వదలగలిగినది ఏనుగు మాత్రమే. ఏనుగులు పోయిన అడవిలో మకోరే పండ్లు తల్లిచెట్టు కిందనే రాలి కుళ్ళిపోతాయి. మొన్నటి గబ్బిలానికీ ఓడుమ్‌కూ ఉన్న బంధమే ఇది.

ఈ అడవుల నుంచి ఇప్పటికే పోయినవాటి సంగతి కూడా చెప్పాలి. మిస్ వాల్‌డ్రన్ ఎర్ర కొలోబస్ అనే కోతిని 1933లో ఘానా అడవుల నుంచి సేకరించి శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశారు. గుంపులుగా, గట్టిగా అరుస్తూ చెట్ల శిఖరాలలో తిరిగే ఆ కోతి వేటగాళ్ళకు సులువుగా దొరికింది. 1978 తరువాత దానిని నమ్మకంగా చూసినవారు లేరు. తెల్ల గడ్డంతో ఉండే రోలోవే కోతి కూడా ఘానా, కోట్ డీవోర్ దేశాలలో తప్ప మరెక్కడా లేదు. ఇప్పుడది అదే అంచున ఉంది. బూడిద రంగు చిలుకల సంగతీ అంతే. 1990ల నుంచి ఘానాలో వాటి సంఖ్య నూటికి తొంభై పాళ్ళకు మించి పడిపోయింది. పంజరాల వ్యాపారం కోసం పట్టడం ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటి. కాకుమ్‌లో ఒక్క చిలుక కూడా కనిపించకపోవడం నన్ను ఆ రోజంతా వెంటాడింది.

గురువారం, బొంక్రో

కుమాసి వెళ్ళే దారి వదిలి, మట్టిబాటల మీద బొంక్రో అనే పల్లెకు చేరాము. పల్లె పెద్దలకు నమస్కరించి, ప్రవేశ రుసుము చెల్లించి, ఒక యువకుని వెంట అడవిలోకి ఎక్కాము. చివరి పావుగంట నిటారు ఎక్కుడు. పైన ఇల్లంత పెద్ద బండరాయి ముందుకు వాలి ఉంది. దాని అడుగున, వాన తగలని చోట, గిన్నెల్లాంటి మట్టిగూళ్ళు అతికి ఉన్నాయి. ఎదురుగా వేసిన బల్లల మీద కూర్చొని, మాట్లాడకుండా, కదలకుండా సాయంత్రం కోసం ఎదురుచూడాలి.

వచ్చింది తెల్లమెడ రాతికోడి. పికాథార్టెస్ అని శాస్త్రజ్ఞులు పిలుస్తారు. దాని తలపై ఈకలే లేవు. పచ్చని పసుపు రంగు చర్మం, కళ్ళ వెనుక రెండు నల్లని గుండ్రని మచ్చలు, తెల్లని మెడ, పొడవైన తోక. ఎగరడం కంటే గెంతడమే దానికి ఇష్టం. ఒక రాయి నుంచి ఇంకొక రాయికి, తీగ మీది నుంచి నేలకు, శబ్దమే లేకుండా గెంతుతూ వచ్చి, బల్లలకు నాలుగైదు మీటర్ల దూరంలో ఆగి, మమ్మల్ని నిదానంగా పరికించింది. తరువాత ఇంకొకటి, ఆ వెనుక మరొకటి. సైన్యపు చీమలు దండుగా కదిలేటప్పుడు బెదిరి బయటపడే పురుగులను ఇవి పట్టుకు తింటాయి. గినీ నుంచి ఘానా వరకు ఉన్న అడవులలోనే ఈ పక్షి ఉంటుంది. కుటుంబంలో దీనికి ఒకే ఒక తోబుట్టువు, అది కామెరూన్ వైపు నివసిస్తుంది. 1960ల తరువాత ఘానాలో ఎవరికీ కనిపించకపోవడంతో ఇది ఈ దేశంలో లేనట్టేనని అనుకున్నారు. 2003లో మళ్ళీ దొరికింది. అప్పటి నుంచి దీనిని చూడడానికి వచ్చేవారి రుసుములో ఒక భాగం పల్లెకు చేరుతోంది.

దిగివస్తూ ఆ యువకుడిని వేట గురించి అడిగాను. ఘానాలో ఆగస్టు 1 నుంచి డిసెంబరు 1 వరకు చెరకు ఎలుక తప్ప మిగతా జంతువుల వేట నిషిద్ధమని, పల్లెలో ఆ నియమం అందరికీ తెలుసునని అతడు చెప్పాడు. పిల్లి కంటే పెద్దదిగా ఉండే చెరకు ఎలుకను ఇక్కడి వారు ఎంతో ప్రీతిగా తింటారు. రోడ్డు పక్కన పొగబెట్టినవాటిని కర్రకు గుచ్చి ఎత్తి చూపడం దారంతా చూశాము. పొలానికి నష్టం చేసే, త్వరగా పెరిగే ఆ జంతువును తినడంలో నాకు అభ్యంతరం ఏమీ కనిపించలేదు. దాని పక్కనే చిన్న డైకర్ జింకలు కూడా వేలాడుతుండడమే బాధ కలిగించింది.

శుక్రవారం, బోసుమ్‌త్వి సరస్సు

సుమారు 10 లక్షల 70 వేల ఏళ్ళ క్రితం ఉల్క పడి ఏర్పడిన గుంటలో ఈ సరస్సు ఉంది. గుంట వ్యాసం 10.5 కిలోమీటర్లు. నీటికి ఇనుము తగలకూడదన్నది అసాంటే అనే ఇక్కడి తెగ ప్రజల పాత కట్టుబాటు కనుక జాలర్లు చెక్కిన పలక మీద బోర్లా పడుకొని, చేతులతో నీటిని తోసుకుంటూ వల దగ్గరకు పోతారు. ఈ సరస్సులో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని ఒక జాతి చేప ఇందులో ఉంది. కాని చేపలు బాగా తగ్గాయి, చుట్టూ వాలుల మీద అడవి కూడా తగ్గింది. 2016లో యునెస్కో దీనిని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. సాయంత్రానికి కుమాసి చేరాము. నగరంలో చెత్తకుప్పల వద్ద తల బోడిగా ఉన్న రాబందులు కాకుల్లా తిరుగుతున్నాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల మన ఆకాశం నుంచి రాబందులు మాయమైన తీరు చూసినవాడిని కనుక చాలాసేపు నిలబడిపోయాను. ఇక్కడా విషాహారం వల్లా, మూఢనమ్మకాల కోసం చంపడం వల్లా అవి వేగంగా తగ్గిపోతున్నాయి.

శనివారం, బోయాబెంగ్-ఫియెమా

కుమాసికి ఉత్తరంగా, అడవి పలచబడి గడ్డిమైదానంగా మారే చోట, బోయాబెంగ్, ఫియెమా అనే జంట పల్లెలు ఉన్నాయి. చుట్టూ పొలాలు, జీడిమామిడి తోటలు, మధ్యలో నాలుగైదు చదరపు కిలోమీటర్ల అడవి. ఆ అడవిలోనూ, పల్లె వీధుల్లోనూ రెండు జాతుల కోతులు మనుషులతో కలిసి బతుకుతున్నాయి. మోనా కోతులు వంటిళ్ళ ముందర ఆరబెట్టిన మొక్కజొన్న మీద కన్నేసి తిరుగుతాయి. తెల్లతొడల కొలోబస్ కోతులు మాత్రం నేలకు అరుదుగా దిగుతాయి. నల్లని ఒళ్ళు, ముఖం చుట్టూ తెల్లని వెంట్రుకలు, బారెడు తెల్లని తోక. చేతికి బొటనవేలు ఉండదు. ఆకులే ముఖ్యాహారం కనుక, వాటిని పులియబెట్టుకోవడానికి గదులుగా ఉన్న కడుపుతో ఎక్కువ సమయం కొమ్మ మీద నెమ్మదిగా కూర్చొనే ఉంటాయి. పశ్చిమ ఆఫ్రికా అంతటా ఈ కొలోబస్ వేగంగా అంతరిస్తోంది. ఈ చిన్న తోపు దానికి మిగిలిన ముఖ్యమైన నెలవులలో ఒకటి.

కోతులు గ్రామదేవత బిడ్డలని ఇక్కడి నమ్మకం. చంపకూడదు, తినకూడదు. చనిపోయిన కోతిని పూజారి సమక్షంలో పాతిపెడతారు. అడవిలో వాటి సమాధుల కోసం ప్రత్యేక స్థలం ఉంది, పక్కనే కోతులకు సేవ చేసిన పూజారుల సమాధులు. 1970ల ఆరంభంలో పాత దైవాన్ని ఒప్పుకోని కొందరు క్రైస్తవ మతశాఖ వారు కోతులను చంపడం మొదలుపెట్టినప్పుడు, పల్లె పెద్దలు వన్యప్రాణి శాఖను ఆశ్రయించారు. 1975లో స్థానిక పాలక మండలి కోతులకు హాని చేయడాన్ని నిషేధిస్తూ ఉపచట్టం చేసింది. ఇందులో నాకు ముఖ్యమని తోచినది ఒకటి ఉంది. నమ్మకం ఒక్కటే చాలలేదు, అది సడలగానే తుపాకులు వచ్చాయి. చట్టం ఒక్కటే ఉన్నా చాలేది కాదు, కాపలాకు పల్లె లేని అడవులలో చట్టం ఉండి కూడా కోతులు పోయాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వలస కొంగలను ఊరివారే కాచుకోవడం తెలిసిన మనకు ఈ సంగతి అర్థం కావడం కష్టం కాదు.

సాయంత్రం ఒక ఇంటి ముందర కూర్చున్న పెద్దామె తన మొక్కజొన్నను కోతులు ఎంత తింటాయో విసుగుతో చెప్పింది. "మరి తోలరా అమ్మా?" అని మార్గదర్శి చేత అడిగించాను. తోలుతుందట, కొట్టదట.

ఆదివారం, కింటాంపో మీదుగా

రోజంతా ప్రయాణమే. ఎర్రని దుమ్ముతో హర్మాటన్ గాలి, రోడ్డుకు రెండు వైపులా ఎండిన గడ్డి. కింటాంపో వద్ద ఆగి వాచే తిన్నాము. అన్నాన్నీ బొబ్బర్లనూ కలిపి, ఎర్ర రంగు కోసం జొన్న ఆకు తొడుగులు వేసి ఉడికిస్తారు. ఈ పరిసరాలలో మూడున్నర వేల ఏళ్ళ కిందటి జనావాసాల తవ్వకాలలో బొబ్బర్ల అవశేషాలు, ఇప్పటి వరకు దొరికిన వాటిలో అతి పురాతనమైనవి, బయటపడ్డాయి. సజ్జలు కూడా పశ్చిమ ఆఫ్రికా గడ్డిమైదానాలలోనే తొలిసారి సాగులోకి వచ్చాయి. మన చింతచెట్టు స్వస్థలం కూడా ఆఫ్రికాయే. రాయలసీమ మెట్టపొలంలో నేటికీ నిలబడి ఉన్న ఆహారంలో ఎంత భాగం ఈ ఖండానిదో ఆలోచిస్తే, ఇక్కడి అడవి మొక్కలను పరాయివిగా చూడడం నా వల్ల కాలేదు.

సోమవారం, మోలే

ఘానాలో అతి పెద్ద ఉద్యానం ఇదే, 4,500 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం. 1971లో జాతీయ ఉద్యానమైంది. వసతి గృహం ఒక ఎత్తైన అంచు మీద ఉంది, కింద నీటిమడుగు. ఉదయం తుపాకీ ధరించిన రేంజరు వెంట కాలినడకన దిగాము. మొదట కాబ్ జింకల మంద, తరువాత మోకాళ్ళ మీద వంగి గడ్డి తవ్వుకుంటున్న వార్ట్‌హాగ్ పందులు, ఆ వెనుక ఆలివ్ బబూన్‌లు. మడుగులో నాలుగు మగ ఏనుగులు నీటిలో మునిగి లేస్తూ ఉండగా యాభై మీటర్ల దూరంలో గంటసేపు నిలబడ్డాము. అటు కాలిన గడ్డి మీద అబిసీనియా పాలపిట్ట ఎగిరింది. తెలంగాణ రాష్ట్ర పక్షికి అది దగ్గరి బంధువు. రంగు అదే నీలం, కాని తోక చివర రెండు సన్నని పొడవైన ఈకలు అదనంగా ఉంటాయి.

దారి పక్కన దవదవ చెట్లు పూతకు వచ్చి, పొడవాటి కాడలకు ఎర్రని బంతుల్లా పూలు వేలాడుతున్నాయి. రాత్రి విచ్చే ఆ పూలకు పుప్పొడి మోసేవి గబ్బిలాలు. కాయల్లోని గింజలను ఉడికించి పులియబెడితే వచ్చే ఘాటైన ముద్ద ఇక్కడి కూరలన్నిటికీ రుచి. అంటే అక్రాలో కొందరు విసుక్కునే జాతికి చెందిన జీవి, దేశం ఉత్తర కొసన పల్లె వంటకు ఆధారంగా ఉంది. ఏనుగుకాలు లాంటి మానుతో బావొబాబ్‌లు కూడా కనిపించాయి. గోల్కొండ నయా ఖిల్లాలోని మహావృక్షం ఈ జాతిదే.

మోలే ఏర్పాటు కోసం 1960లలో లోపలి పల్లెలను ఖాళీ చేయించి బయటికి తరలించారు. ఏనుగులు మిగిలాయన్నది నిజమే. అయితే ఉద్యానం అంచున వేట ఆగకపోవడానికీ, అడవి తమది కాదన్న భావన పల్లెల్లో పాతుకుపోవడానికీ ఆ తరలింపు ఒక కారణమని నా అభిప్రాయం.

మంగళవారం, మొగ్నోరి

ఉద్యానం అంచునే ఉన్న ఈ పల్లెలో షియా వెన్న తయారీ చూశాను. షియా మన ఇప్ప కుటుంబానికే చెందిన చెట్టు. దీనిని నాటేవారు అరుదు. పొలం కొట్టేటప్పుడు మిగతావి తీసేసి షియానూ దవదవనూ ఉంచుతారు. కాపుకు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. ఆడవారు వానాకాలంలో రాలిన పండ్లు ఏరి, గింజలు ఉడికించి ఎండబెట్టి నిల్వ చేసుకుంటారు. ఎండాకాలంలో దంచి, వేయించి, రుబ్బి, ఆ నల్లని ముద్దలో నీళ్ళు పోస్తూ మోచేతుల దాకా చేతులు పెట్టి గంటల తరబడి గిలకొడతారు. చివరకు తెల్లని వెన్న పైకి తేలుతుంది. మన్యంలో ఇప్ప గింజల నూనె తీసే గిరిజన స్త్రీల కష్టం గుర్తుకు వచ్చింది. ఆ వెన్నే ఇక్కడ వంటనూనె, ఒంటికి రాసుకునే మందు, సంతకు పోయే సరుకు.

బుధవారం, వెచియావు

దేశానికి వాయవ్య మూలన, బుర్కినా ఫాసో సరిహద్దుగా ప్రవహించే బ్లాక్ వోల్టా నది మీద, సుమారు 40 కిలోమీటర్ల మేర వెచియావు నీటిగుర్రాల అభయారణ్యం ఉంది. దీనిని నడిపేది ప్రభుత్వం కాదు. 1999లో ఇక్కడి పల్లెపెద్దలే ఏర్పాటు చేసుకున్నారు, కెనడాలోని కాల్గరీ జూ తోడ్పడింది. 2008లో దీనికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించింది. ఒడ్డున ఒక పట్టీని వ్యవసాయం లేకుండా వదిలేయాలన్నది ప్రధాన నియమం. నీటిగుర్రం పగలంతా నీళ్ళలో ఉండి, రాత్రి ఒడ్డెక్కి గడ్డి మేస్తుంది. ఆ గడ్డి ఉన్న చోటే మంచి ఒండ్రు నేల కూడా ఉంటుంది కనుక, ఆ పట్టీని వదులుకోవడం ఇక్కడి రైతుకు చిన్న త్యాగం కాదు.

ఉదయాన్నే పడవ మీద ఎగువకు పోయాము. మొదట బుడగలు, తరువాత చెవులు, కళ్ళు, ముక్కు రంధ్రాలు. పెద్దవాటి మధ్య ఒక పిల్ల తల్లి వీపు మీద గడ్డం ఆనించి ఉంది. పడవ నడిపే అతను దూరం తగ్గనివ్వలేదు, పిల్ల ఉన్న తల్లి దగ్గరకు పోవడం ప్రాణాంతకమని చెప్పి ఒడ్డుకు ఆనుకొని ఆపాడు.

వదులుకున్న నేలకు ప్రతిగా ఏమి దొరికిందని అడిగాను. సందర్శకుల రుసుము కొంత ఉంది గాని, అసలు ఆదాయం షియా నుంచి వస్తోందని చెప్పాడు. అభయారణ్యం పరిధిలోని పల్లెల స్త్రీలు ఏరిన గింజలు సేంద్రియమైనవిగా ధ్రువీకరణ పొంది, మంచి ధరకు విదేశాలకు పోతున్నాయి. ఆ ధ్రువీకరణ నిలవాలంటే చెట్ల కింద రసాయనాలు చల్లకూడదు. ఆ కారణంగా నదిలోకి దిగే నీరు కూడా శుభ్రంగా ఉంటుంది. అయితే ఈ కట్టుబాటు ఘానా ఒడ్డుకే పరిమితం. నీటిగుర్రాలు రాత్రిపూట అవతలి ఒడ్డున కూడా మేస్తాయి. అక్కడి పల్లెలతో ఇలాంటి ఒప్పందమే కుదిరితే తప్ప, ఈ ఒడ్డు రైతులు వదులుకున్న నేల నీటిగుర్రాలకు సగం రక్షణ మాత్రమే ఇవ్వగలుగుతుంది.